రానున్న శాసనసభ ఎన్నికలును, మన సంఘముల ఎన్నికలును

ఆంధ్రప్రదేశ్ శాసనసభ కాలపరిమితి 2029వ సంవత్సరము జూన్ మాసమున ముగియవలసి యున్నది. ఎన్నికలకు వ్యవధి యుండగా ఇప్పుడే యీ ప్రస్తావన యేల యని సభ్యులలో కొందరు తలంపవచ్చును. నారు పోసిన పిమ్మట విత్తనము మంచిదా కాదా యని విచారించి ప్రయోజనము లేదు. ఎన్నికల ప్రణాళికలు ఓటింగునకు ముందు రోజున పుట్టునవి కావు. అవి సంవత్సరములకు ముందే పక్షముల పెద్దల గదులలో చర్చకు వచ్చును. వానిలో మన మాట యుండవలెనన్నచో, వ్రాయుచున్నప్పుడే మనము పోయి చెప్పవలెను. అచ్చుపడి వచ్చిన తరువాత మనకు మిగులునది చదువుకొనుటయే.

మన సంఘము ఏ పక్షమునకును చెందినది కాదు. ఈ పత్రిక చదువువారిలో అన్ని పక్షముల వారును కలరు. ఒకే యింటిలో అన్నది ఒక పక్షము, తమ్మునిది మఱియొక పక్షమైన కుటుంబములను మేమెరుగుదుము. కావున ఎవరికి ఓటు వేయవలయునో మేము చెప్పబోము. ఓటడుగ వచ్చినవారిని ఏమడుగవలయునో మాత్రము చెప్పదలచితిమి.

గత సర్వసభ్య సమావేశమున ఒక వృద్ధ సభ్యుడు లేచి, "అయ్యా, శాసనసభ్యుని నేనెన్నుకొంటిని, సర్పంచి నెన్నుకొంటిని, కాలువ సంఘమునకును చేయెత్తి వచ్చితిని. నా పేర అప్పు వ్రాయు సంఘమునకు అధ్యక్షుని నేనెన్నుకొనుట యెప్పుడు?" అని యడిగెను. వేదికమీది వారు నవ్వి యూరకుండిరి. మేమును ఆనాడు ఏమియు చెప్పలేకపోతిమి. ఆలస్యముగానైనను ఆయనకు జవాబు చెప్పుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

రాష్ట్రమున ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘములు సుమారు రెండువేలు కలవు. వీనికి కడపటిసారి ఎన్నికలు జరిగినది 2013వ సంవత్సరారంభమున. అప్పటికి రాష్ట్రము విడిపోలేదు. ఆనాడు ఎన్నికైన పాలకవర్గముల ఐదేండ్ల గడువు 2018లో తీరినది. అటుపిమ్మట సంఘములను నడుపుచున్నవారు ఒకప్పుడు ప్రభుత్వోద్యోగులు, ఒకప్పుడు ప్రభుత్వము నియమించిన త్రిసభ్య సంఘములు. 2019లో ప్రభుత్వము మారగా సంఘములలోని పెద్దలును మారిరి. 2024లో మఱల ప్రభుత్వము మారగా వారును మఱల మారిరి. ఇది వ్రాయునాటికి ఎన్నికలు జరుగలేదు. ఈ దోషము ఒక పక్షమునకు అంటగట్టి రెండవ పక్షమును మెచ్చుకొనుటకు వీలులేదు, ఏలననగా ఏ పక్షము గద్దెనెక్కినను పద్ధతి మాత్రము మారలేదు. పొరుగున తెలంగాణములో 2020 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగినవి. ఆ గడువు 2025 ఫిబ్రవరిలో తీరినపుడు అక్కడను వెంటనే ఎన్నికలు పెట్టలేదు.

నియమితులలో మంచివారు లేరని మేము చెప్పుట లేదు. కొందరు ఎన్నికైనవారి కంటె శ్రద్ధగా పనిచేసినవారును కలరు. అయినను చిక్కు వేరుచోట నున్నది. తూకము దగ్గర నిలుచున్న రైతును చూచినచో అది తెలియును. 2025–26వ సంవత్సరమునకు సాధారణరకము వడ్లకు కేంద్రప్రభుత్వము నిర్ణయించిన మద్దతుధర క్వింటాలునకు 2,369 రూపాయలు, అనగా మన 75 కిలోల బస్తాకు ఇంచుమించు 1,777 రూపాయలు. తేమ నూటికి 17 వంతులు మించరాదని నియమము. కల్లములో ఆరబోసినప్పుడు 17గా నున్న తేమ మిల్లు గుమ్మమున 20 అగును. తరుగు పేర బస్తాకు రెండు మూడు కిలోలు పోవును. ఇట్టిది జరిగినప్పుడు రైతు ఎవరితో చెప్పుకొనవలెను? తాను ఎన్నుకొన్న అధ్యక్షుడైనచో, వచ్చే ఎన్నికలో ఆయన తన గుమ్మమునకు రావలసినవాడే కదా యను ధైర్యముతో నిలదీయును. పైనుండి నియమింపబడిన అధ్యక్షుడు ఎవరి దయవలన వచ్చెనో వారి ముఖమునే చూచుచుండును. ఎరువుల బస్తాలు ఎవరికి ముందు దొరకవలెను, ఎవరికి ఎంత పంటఋణము మంజూరు కావలెను, లెక్కల తనిఖీలో తేలిన లోటును ఎవరిచేత కట్టించవలెను అను విషయములన్నిటను ఇదే తేడా.

ఈ విషయమునకును శాసనసభ ఎన్నికకును సంబంధమేమి యని యడుగవచ్చును. సంబంధమంతయు అక్కడనే యున్నది. 2011లో పార్లమెంటు రాజ్యాంగమునకు 97వ సవరణ చేసినది, అది 2012 ఫిబ్రవరినుండి అమలులోనికి వచ్చినది. సహకార సంఘముల పాలకవర్గములకు ఐదేండ్ల గడువు, గడువు తీరకముందే ఎన్నికలు, పాలకవర్గమును రద్దుచేసినను ఆరుమాసములకు మించి నియమితులచేత నడుపరాదు అనునవి దానిలోని ముఖ్యాంశములు. మనకు కావలసినది సరిగా అదియే. అయితే సహకార సంఘములు రాష్ట్రముల జాబితాలోని విషయము. అట్టిదానిని మార్చునపుడు దేశములోని రాష్ట్రశాసనసభలలో సగమైనను ఆమోదింపవలెను. ఆ ఆమోదము తీసికొనలేదు గనుక ఆ భాగము రాష్ట్రములలోని సంఘములకు చెల్లదని గుజరాతు హైకోర్టు 2013లో చెప్పినది. సుప్రీంకోర్టు 2021 జూలైలో ఆ తీర్పును స్థిరపరచినది. సంఘములు పెట్టుకొనుట పౌరుల హక్కు అను మాటయు, వాని స్వతంత్ర నిర్వహణను ప్రభుత్వములు ప్రోత్సహింపవలెనను ఆదేశికసూత్రమును నిలిచినవి. ఎన్నిక లెప్పుడు, ఎవరు జరుపవలెను అనునది మాత్రము రాష్ట్ర శాసనసభ చేతిలో పడినది. కావున ఢిల్లీవైపు చూచి లాభము లేదు. మన సంఘమునకు ఎన్నిక కావలెనన్నచో, దానికి తగిన కట్టుదిట్టమైన శాసనము చేయవలసినవారు మనము 2029లో పంపబోవు 175 మంది సభ్యులే.

శాసనసభకు పోయిన ఓటు రైతు అప్పు విషయమున ఏమి చేయగలదో మన ప్రాంతపు చరిత్రయే చెప్పుచున్నది. 1935వ సంవత్సరపు ఇండియా ప్రభుత్వ చట్టము ప్రకారము మద్రాసు రాజధానిలో 1937లో ఎన్నికలు జరిగినవి. నాడు అందరికిని ఓటు లేదు. శిస్తో పన్నో చెల్లించువారికి, చదువువచ్చినవారికి, అట్టి కొలదిమందికే కలదు. అయినను చిన్న రైతులలో అనేకులకు మొట్టమొదట ఓటు వచ్చినది అప్పుడే. కాంగ్రెసు పక్షము 215 స్థానములలో 159 గెలిచినది. రాజగోపాలాచారిగారు ప్రధానిగను, టంగుటూరి ప్రకాశం పంతులుగారు రెవెన్యూ మంత్రిగను మంత్రివర్గ మేర్పడినది. మరుసటి యేడు, 1938లో, వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము వచ్చినది. 1932 అక్టోబరు 1వ తేదీకి ముందు చేసిన అప్పులకు 1937 అక్టోబరు 1 నాటికి పేరుకొన్న వడ్డీ యంతయు ఆ చట్టముచే కొట్టివేయబడినది. అసలునకు రెట్టింపు అప్పటికే ముట్టియున్నచో అప్పే తీరిపోయినట్లు లెక్క. ఎన్ని తరములుగానో షావుకారు పుస్తకములో పెరుగుచు వచ్చిన అంకెలను ఒక శాసనసభ ఒక్క యేటిలో తుడిచివేసినది. ఆ చట్టములో లోపములు లేకపోలేదు. ఆ తరువాత కొత్త అప్పులు పుట్టక ఇబ్బందిపడినవారును కలరు. ఆ ఖాళీని నింపవలసినవి సహకార సంఘములే.

ఇప్పుడు ఋణమాఫీ మాటకు వత్తము. ఎన్నికలు సమీపించుకొలది ఈ మాట ఊరూర వినవచ్చును. మాఫీ వద్దని చెప్పుటకు మేము సాహసింపము. వరుసగా రెండుపంటలు తుపానులో పోగొట్టుకొన్నవానికి అది ప్రాణదానము. కాని ఇంతవరకు జరిగిన మాఫీలను సంఘపు లెక్కల పుస్తకమునుండి చూచినవారు కొంత సంశయింపక తప్పదు. 2014 ఎన్నికల పిమ్మట మన రాష్ట్రమున కుటుంబమునకు లక్షన్నర వరకు మాఫీ యనిరి. 50,000 రూపాయల లోపువారికి ఒకేసారి, తక్కినవారికి ఐదు విడతలుగా, మిగిలినదానిపై నూటికి 10 వంతున వడ్డీతో చెల్లింతుమనిరి. విడతలన్నియు ముట్టకమునుపే 2019 ఎన్నికలు వచ్చినవి. మిగిలినవి పిమ్మట చెల్లింపబడలేదు. తెలంగాణములో 2018 నాటి లక్ష రూపాయల వాగ్దానము 2023 ఎన్నికల వరకు సాగినది. 2023లో చేసిన రెండు లక్షల వాగ్దానమునకు చెల్లింపులు 2024 జూలైలో మొదలైనవి.

ఈ నడుమ రైతునకు జరుగునదేమి? సకాలమున చెల్లించువానికి పంటఋణముపై వడ్డీ నూటికి 7 వంతులనుండి రాయితీతో 4 వంతులకు దిగును. లక్ష రూపాయల అప్పునకు ఏటికి 4,000 రూపాయలన్నమాట. మాఫీ వచ్చునని ఆశపడి గడువు దాటించినవానికి ఆ రాయితీ పోవును, మామూలు వడ్డీ పడును, పేరు బకాయిదారుల జాబితాలో చేరును, కొత్త అప్పు పుట్టదు. సాగు ఆగునది కాదు గనుక అతడు ఎరువుల దుకాణమునకో, వడ్డీవ్యాపారికో పోవును. అక్కడ నూటికి నెలకు రెండు, మూడు రూపాయలు. మాఫీ సొమ్ము వచ్చునాటికి దానికంటె పెద్ద అప్పు మఱియొకచోట పెరిగియుండును. క్రమముగా చెల్లించిన పొరుగువాడు "నేను వెఱ్ఱివాడనైతిని గదా" యని వాపోవును. ఇది మన సభ్యులు మాతో చెప్పినమాటయే. సంఘములు ఇన్నేండ్లుగా పెంచిన పద్ధతికి ఈ ఒక్కమాట చేసిన నష్టమును ఏ తనిఖీదారుడును లెక్కకట్టలేడు. అందుచేత మాఫీ వాగ్దానము చేయు పక్షమును మేము అడుగమనునది ఒక్కటే: ఆ సొమ్ము సంఘమునకు ఎప్పుడు, ఎన్ని దినములలో, ఒకేసారి చెల్లింతురా? తేదీ లేని వాగ్దానమును అప్పుపత్రముగా ఏ సంఘపు కార్యదర్శియు పుచ్చుకొనడు, మనము మాత్రమేల పుచ్చుకొనవలెను?

అన్నిటికంటె కష్టమైన సంగతి కౌలుదారులది. డెల్టా గ్రామములలో కామందులు పట్టణములలో నుండగా పొలము దున్నువాడు కౌలుదారుడు. శాసనసభ ఎన్నికలో ఆయనకును కామందునకును ఓటు సమానమే. సంఘము గుమ్మమున మాత్రము ఆయన పరాయివాడు. 2011లో ఉమ్మడి రాష్ట్రమున సాగుదారులకు ఋణార్హత పత్రములిచ్చు చట్టము చేసిరి. 2019లో దాని స్థానమున పంటసాగుదారుల హక్కుల చట్టము తెచ్చి, పదునొకండు మాసముల గడువుతో పత్రములీయనారంభించిరి. అయితే దానికి భూస్వామి సంతకము కావలెను. సంతకము చేసినచో భూమిపై హక్కు పోవునేమో యని భూస్వామి భయము, అడిగినచో వచ్చేయేడు కౌలు దక్కదేమో యని కౌలుదారుని భయము. ఈ రెండు భయముల నడుమ పత్రము పుట్టక, తుపాను నష్టపరిహారమును, పంటఋణమును పాస్‌పుస్తకమున్నవాని ఖాతాలోనికే పోవుచున్నవి. ఇందు మన సంఘములు నిర్దోషులని మేము చెప్పజాలము. కౌలుదారులను సభ్యులుగా చేర్చుకొనుటకు, వారిని జట్లుగా కూర్చి అప్పులిచ్చుటకు, చట్టము అడ్డురానిచోట్ల సయితము మనవారు ముందునకు రాలేదు. "వాడు ఏటికొక పొలము మార్చువాడు, అప్పెట్లు రాబట్టుదుము?" అని కూర్చుంటిమి. సంఘమునకు ఎన్నికలు కావలెనని కోరుచు, సేద్యము చేయువానికి ఆ సంఘములో ఓటులేకుండ చేయుట న్యాయము కాదు. ఈ రెండు కోరికలును కలిసియే పోవలెను.

ఎన్నికలు పెట్టినచో పక్షముల కొట్లాట సంఘములోనికి వచ్చునని కొందరు పెద్దలు వాదింతురు. 2013 ఎన్నికలలో జరిగినది మేమును చూచితిమి. ఎన్నికలకు ముందు గంపగుత్తగా సభ్యులను చేర్చుట, వాటాధనము ఒకరే కట్టుట, ఊరేగింపులు, అన్నియు జరిగినవి. కాని ఎన్నికలు లేని యీ యేండ్లలో పక్షములు సంఘము వెలుపల నున్నవా? అవి తిన్నగా అధ్యక్షుని కుర్చీలోనికే వచ్చి కూర్చున్నవి. ఓటు మాత్రమే వెలుపల నున్నది. సభ్యత్వపు జాబితా సరిగా లేదను మాట నిజమే. దానిని సరిచేయుటకు సంవత్సరము చాలును, పదేండ్లు అక్కరలేదు. నీటి వినియోగదారుల సంఘములకు 2024 డిసెంబరులో ఎన్నికలు జరిపింపగలిగిన ప్రభుత్వ యంత్రాంగమునకు పరపతి సంఘముల ఎన్నిక అసాధ్యమని చెప్పినచో నమ్ముట కష్టము.

మన ఓటర్లు ఉదాసీనులను వాదమును నిలువదు. 2024 మే 13వ తేదీన రాష్ట్రమున నూటికి 80 మందికి పైగా ఓటువేసిరి. కొన్ని కేంద్రములలో అర్ధరాత్రి దాటువరకు వరుసలలో నిలిచిరి. పొరుగు రాష్ట్రములలో కూలికి, ఉద్యోగమునకు పోయినవారు బస్సులెక్కి వచ్చిరి. అట్టి జనమే సంఘపు సర్వసభ్య సమావేశమునకు రండని పిలిచినచో, కనీసపు సంఖ్యకయినను రాక సభ వాయిదాపడుచున్నది. తన మాట చెల్లునని తోచినచోటికి రైతు వచ్చును, చెల్లనిచోట కూర్చుండుటకు ఆయనకు తీరికలేదు. ఇందు తప్పు ఆయనదని మాకు తోచదు.

ఇక మన ఓటుకు గల బలమెంత? 2019లో ఓడిన తెలుగుదేశము పక్షమునకు సుమారు నూటికి 39 ఓట్లు వచ్చినవి, స్థానములు 23. 2024లో ఓడిన వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షమునకును సుమారు నూటికి 39 ఓట్లే, స్థానములు 11. నూటికి పది, పదునైదు ఓట్లు ఒకవైపునుండి మఱియొకవైపునకు ఒరిగిన మాత్రమున గెలుపోటములు ఇట్లు తారుమారైనవి. మూడు నాలుగు పక్షములు కలిసియో విడిపోయియో పోటీచేయునపుడు, ఒకే ప్రశ్నపై నిలిచిన చిన్న సమూహమును ఎవరును తేలికగా త్రోసివేయజాలరు. ఒక్కొక్క నియోజకవర్గములో ఓటర్లు సగటున రెండులక్షలకు పైగా కలరు. వారిలో సంఘపు సభ్యులెందరో, వారి యింటివారెందరో లెక్కించుట కష్టముకాదు. మన సభ్యులు తమతమ పక్షములను విడువనక్కరలేదు. ఎవరి పక్షమును వారే అడిగినచో చాలును. ఇంకను చెప్పవలెనన్నచో, తన వారు అడిగిన ప్రశ్నకే పక్షము ఎక్కువ వెరచును.

అభ్యర్థి నోటిమాటతో తృప్తిపడరాదని కూడ హెచ్చరించుచున్నాము. 1985లో రాజ్యాంగమునకు చేర్చిన పదియవ షెడ్యూలు ప్రకారము, పక్షపు ఆజ్ఞకు విరుద్ధముగా సభలో ఓటువేసిన సభ్యుని సభ్యత్వము పోవచ్చును. మన గుమ్మమున నిలిచి "నేను చూచుకొందును" అనునాయన ఎంత మంచివాడైనను, సభలో తన పక్షము చెప్పినట్లే చేయియెత్తవలసియుండును. కావున వాగ్దానము పక్షపు ప్రణాళికలో అచ్చులో నుండవలెను. కూటమిగా వచ్చువారైనచో ప్రతి భాగస్వామియు దానికి కట్టుబడియుండవలెను, లేనిచో రేపు ఒకరు మఱియొకరిని చూపుదురు. సభ్యుడు తన స్వంతబలముతో చేయగలిగిన పనియు ఒకటి కలదు. సభలో ప్రశ్న అడుగుటకు ఏ ఆజ్ఞయు అడ్డురాదు. గత శాసనసభ్యుడు మన సంఘముల ఎన్నికలగూర్చి ఎన్ని ప్రశ్నలడిగెనో సభ్యులు విచారించి తెలిసికొనవలెను.

వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ క్రింది భావముతో తీర్మానమొకటి ప్రవేశపెట్టుచున్నాము. కొత్త శాసనసభ ఏర్పడిన మొదటి సంవత్సరములో పరపతి సంఘములకు ఎన్నికలు జరుపవలెను. అటుపై గడువు తీరకమునుపే స్వతంత్రాధికారి ద్వారా ఎన్నికలు జరుగునట్లు శాసనము చేయవలెను. సాగుపత్రము గల కౌలుదారునకు సభ్యత్వమును ఓటును ఈయవలెను. ఋణమాఫీ చేయుచో ఆ సొమ్మును తేదీ చెప్పి సంఘమునకు ఒకేసారి చెల్లింపవలెను. తీర్మానపు నకళ్లు అన్ని పక్షముల కార్యాలయములకును పంపబడును. వారి జవాబులు వచ్చినవి వచ్చినట్లు, రానివారి పేళ్లు రానట్లు, ఈ పత్రికలో ప్రకటింతుము. కౌలుకు సేద్యము చేయు సోదరులు సభ్యులు కాకున్నను ఆ సమావేశమునకు వచ్చి మాటాడవచ్చునని పాలకులను అడిగి అనుమతి తీసికొంటిమి. సభ ఉదయము తొమ్మిది గంటలకు గోదాము ఆవరణలో జరుగును.